119 ఓట్లు (ఓటు కథలు – 9)



పోయిన వారం డిగ్రీ సెకండియర్ క్లాసులో ఒక పిల్లవాడు లేచి అడిగాడు. "మేడమ్, ఈ ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎందుకు? అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ప్రతి విషయం మీదా జనమే నేరుగా ఓటేసి తేల్చుకుంటే పోలా? మెజారిటీ ఏదంటే అదే చట్టం." క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్లవాడి కోపం నాకు అర్థమైంది. గెలిచాక మొహం చూపించని నాయకుల మీద కోపం అది. జవాబు చెప్పేలోపు బెల్లు కొట్టారు. అందుకే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

జనమే నేరుగా ఓటేసి నిర్ణయించుకునే దేశాలు నిజంగానే ఉన్నాయి. స్విట్జర్లాండ్ పేరు మీరు వినే ఉంటారు. దాని పక్కనే, ఆస్ట్రియాకూ స్విట్జర్లాండ్‌కూ మధ్య, రైన్ నది ఒడ్డున లిక్టెన్‌స్టైన్ అనే దేశం ఉంది. మొత్తం 160 చదరపు కిలోమీటర్లు. జనం 40 వేలమంది. మన దగ్గర ఒక మాదిరి మండలమంత. ఉన్నవి పదకొండు ఊళ్లు. రాజధాని వాడుజ్ కూడా ఊరే. రాజు ఉన్నాడు, పార్లమెంటు ఉంది, ఎన్నికలున్నాయి. చట్టాల మీద, రాజ్యాంగ సవరణల మీద జనం నేరుగా ఓటేసే రిఫరెండం ఉంది. మా క్లాసు పిల్లవాడు కోరుకున్న ప్రజాస్వామ్యానికి దగ్గరగా ఉండేది ఇలాంటిదే.

ఆ దేశంలో ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఎప్పుడొచ్చిందో తెలుసా? 1984లో.

అచ్చు తప్పు కాదు. మన దగ్గర ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న ఏడాది. ఐరోపా నడిబొడ్డున, డబ్బుకు లోటు లేని దేశంలో, చదువుకున్న ఆడవాళ్లకు అప్పటిదాకా ఓటు లేదు. ఇది ఎలా జరిగిందో చూస్తే మా పిల్లవాడి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఒక సీటు కోసం పుట్టిన దేశం

ఈ దేశం పుట్టిందే ఒక సభలో సీటు కోసం. వియన్నాలో లిక్టెన్‌స్టైన్ అనే సంపన్న జమీందారీ కుటుంబం ఉండేది. భూములు బోలెడు, పలుకుబడి బోలెడు. కానీ పవిత్ర రోమన్ సామ్రాజ్యపు సభలో రాకుమారుల వరసలో కూర్చోవాలంటే చక్రవర్తికి నేరుగా లోబడిన భూమి కావాలి. మధ్యలో ఇంకో ప్రభువు ఉండకూడదు. ఆ కుటుంబానికి ఎన్ని ఎస్టేట్లున్నా అలాంటి భూమి లేదు. అందుకని 1699లో షెల్లెన్‌బర్గ్, 1712లో వాడుజ్ కొన్నారు. 1719లో చక్రవర్తి ఆ రెంటినీ కలిపి సంస్థానంగా ప్రకటించి, దానికి కొన్నవాళ్ల ఇంటిపేరే పెట్టాడు.

కొన్నాక అక్కడికి వచ్చి కాపురం ఉన్నారా? లేదు. సీటు వచ్చింది, పని అయిపోయింది. రాజులు వియన్నాలోనే ఉండిపోయారు. అక్కడికొచ్చి స్థిరపడిన మొదటి రాజు రెండో ఫ్రాంజ్ జోసెఫ్. అదీ 1938లో. రెండు వందల ఏళ్లకు పైగా ఆ భూమి దున్నిన రైతులు, కూలీలు తమ ప్రభువును దాదాపుగా చూడకుండానే పన్ను కట్టారు. ఒక కుటుంబానికి సభలో చోటు కావాలంటే ఏకంగా ఒక దేశం తయారైంది. ఆ దేశపు ఆడవాళ్లకు సభలో చోటు కావలసి వచ్చినప్పుడు ఎంత కష్టమైందో చూడండి.

ఓటు ఎవరిది?

1862 రాజ్యాంగంతో లాండ్‌టాగ్ అనే పార్లమెంటు ఏర్పడింది. 15 మంది సభ్యులు. వాళ్లలో 12 మందిని పరోక్షంగా ఎన్నుకుంటారు, ముగ్గురిని రాజు నియమిస్తాడు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో, 1918లో, నేరుగా ఓటేసే ఎన్నికలు వచ్చాయి. పార్టీలూ ఆ ఏడాదే పుట్టాయి. 1921లో కొత్త రాజ్యాంగం వచ్చింది. పౌరులందరూ చట్టం ముందు సమానమని అందులో రాసుకున్నారు. ఓటు మాత్రం మగవాళ్లకే.

తర్వాత ఇద్దరు అన్నదమ్ముల్లాంటి పార్టీలు మిగిలాయి. ఒకటి ప్రగతి పౌరుల పార్టీ, రెండోది దేశభక్త సమాఖ్య. రెండూ సంప్రదాయ పార్టీలే. 1938 నుంచి 1997 దాకా, దాదాపు అరవై ఏళ్లు, రెండూ కలిసే ప్రభుత్వం నడిపాయి. 1939లో పక్కనున్న ఆస్ట్రియాను అప్పటికే హిట్లర్ మింగేశాడు. నాజీ అభిమానులు ఇక్కడా తిరుగుబాటుకు ప్రయత్నించి విఫలమయ్యారు. ఆ ఏడాది ఎన్నికల్లో నాజీలకు సందు దొరక్కూడదని రెండు పార్టీలూ కూర్చుని సీట్లు పంచుకున్నాయి. పోలింగే జరగలేదు. దాన్ని అక్కడివాళ్లు "నిశ్శబ్ద ఎన్నిక" అంటారు. దేశాన్ని కాపాడుకోవడానికి చేశారు, తప్పు పట్టడం లేదు. కానీ ఒకటి గమనించండి. అవసరం అనుకుంటే పెద్దమనుషులు ఒక్క పూటలో కూర్చుని ఎన్నికనే పక్కన పెట్టగలిగారు. ఆడవాళ్ల ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ప్రజలే తేల్చాలి" అన్నారు.

ఆ ప్రజలంటే ఎవరు? అసలు సంగతి అక్కడే ఉంది.

మూడు సార్లు అడిగారు

1968లో ఒక సలహా ఓటింగ్ పెట్టారు. ఆడవాళ్లకు ఓటు ఉండాలా వద్దా అని మగవాళ్లనూ ఆడవాళ్లనూ విడివిడిగా అడిగారు. ఆడవాళ్లలో అతి స్వల్ప మెజారిటీ ఉండాలంది. మగవాళ్లు గట్టిగా వద్దన్నారు. రెండూ కలిపితే వద్దన్నదే నెగ్గింది.

సగం మంది ఆడవాళ్లే వద్దన్నారు కదా అని ఎవరైనా అనొచ్చు. మన ఊళ్లలో ఆ మాట వినలేదా? "మాకెందుకమ్మా ఓటు, ఆయన ఎవరికంటే వాళ్లకే" అన్న అమ్మమ్మలు మనకూ ఉన్నారు. చిన్న ఊళ్లో, అందరూ అందరికీ తెలిసిన చోట, నాకు హక్కు కావాలి అని ఒక ఆడమనిషి గొంతెత్తడం అంత తేలికా? ఆ సగంమంది అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పిందా, అలవాటు చెప్పించిందా అన్నది మనం ఆలోచించాల్సిన విషయం.

1971 ఫిబ్రవరి 7న స్విట్జర్లాండ్ మగవాళ్లు తమ ఆడవాళ్లకు ఓటు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మూడు వారాలు తిరక్కుండానే లిక్టెన్‌స్టైన్‌లో అదే ప్రశ్నమీద రిఫరెండం జరిగింది. ఈసారి ఓటేసింది మగవాళ్లు మాత్రమే. ఔనన్నవాళ్లు 1,816. కాదన్నవాళ్లు 1,897. తేడా 81 ఓట్లు.

మళ్లీ 1973లో అడిగారు. ఈసారి దగ్గరవుతుందనుకుంటే ఇంకా దూరమైంది. ఔనన్నవాళ్లు 1,675, కాదన్నవాళ్లు 2,126. తేడా 451.

వద్దనడానికి చెప్పిన కారణాల్లో ఒకటి వినండి. అప్పటి చట్టం ప్రకారం ఆ దేశపు మగవాడు పరాయి దేశపు పిల్లను చేసుకుంటే ఆమె ఆటోమేటిక్‌గా పౌరురాలు అయిపోతుంది. ఆ దేశపు అమ్మాయి పరాయి దేశస్థుణ్ని చేసుకుంటే తన పౌరసత్వమే పోతుంది. ఆ రెండో రూలు 1974లో గానీ మారలేదు. మగవాళ్ల వాదన ఏమిటంటే, ఆడవాళ్లకు ఓటిస్తే బయటినుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లకూ ఓటొచ్చేస్తుంది, మన దేశం పరాయివాళ్ల చేతుల్లోకి పోతుంది అని. అంటే పుట్టింటి బిడ్డను బయటికి పంపేసే చట్టం వాళ్లదే, కోడలిని లోపలికి తెచ్చుకునే చట్టమూ వాళ్లదే. ఆ రెంటినీ చూపించి ఇద్దరికీ ఓటు ఎగ్గొట్టారు. పెళ్లిని కాపలా కాస్తే ఊరి హద్దు నిలబడుతుంది అన్న లెక్క మనకు కొత్తేమీ కాదు. కులం కూడా ఆ గేటు దగ్గరే కూర్చుంటుంది.

"పౌరుడు" అంటే ఎవరు?

1982లో కొంతమంది ఆడవాళ్లు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. పౌరులందరూ చట్టం ముందు సమానమని మన రాజ్యాంగంలోనే ఉంది కదా, మరి మాకు ఓటెందుకు లేదు అని అడిగారు. కోర్టు కొట్టేసింది. రాజ్యాంగం రాసిన కాలంలో ఓటున్న పౌరులంటే మగవాళ్లనే అర్థం, ఆ అర్థం మార్చాలంటే రాజ్యాంగాన్ని సవరించే అధికారం ఉన్నవాళ్లే మార్చాలి అన్నది దాని సారాంశం. ఆ అధికారం ఎవరి దగ్గర ఉంది? పార్లమెంటు దగ్గర, రాజు దగ్గర, రిఫరెండంలో ఓటేసే మగవాళ్ల దగ్గర. బావి ఎవరిదో వాళ్లనే అడిగి నీళ్లు తోడుకో అన్నట్టు.

తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. మన వ్యాకరణంలో "మహత్తు", "అమహత్తు" అని చదువుకున్నాం గుర్తుందా? మగవాళ్లను చెప్పే మాటలు మహత్తు. ఏకవచనంలో ఆడవాళ్లు, జంతువులు, వస్తువులు అన్నీ అమహత్తు. "వాడు వచ్చాడు" కానీ "ఆమె వచ్చింది", "ఆవు వచ్చింది", "బస్సు వచ్చింది." బహువచనంలోకి వెళ్తే మాత్రం ఆడవాళ్లు మనుషుల్లో కలుస్తారు: "వాళ్లు వచ్చారు." ఆ దేశపు చట్టంలో ఇంకా విచిత్రం. పన్నులు కట్టేటప్పుడు "పౌరులు" అనే బహువచనంలో ఆడవాళ్లూ ఉన్నారు. ఓటు దగ్గరికి వచ్చేసరికి అదే బహువచనంలోంచి వాళ్లను బయటికి నెట్టారు. చట్టంలో "అందరూ" అన్న మాట కనిపించినప్పుడల్లా ఆ అందరిలో ఎవరున్నారని అడగడం మనం నేర్చుకోవాలి. నేను సాహిత్యం చదువుకుని నేర్చుకున్నది ఇదే.

ముళ్ల కంచె వెనక నిద్ర

కోర్టు దారి మూసుకుపోయాక ఆ ఆడవాళ్లు ఊరుకోలేదు. వాళ్ల బృందం పేరు డోర్న్‌రోస్‌షెన్. జర్మన్ జానపద కథల్లో ముళ్ల కంచె మధ్య నూరేళ్లు నిద్రపోయిన రాకుమారి పేరు అది. ఆ పేరు ఎంచుకోవడంలో నాకు వెటకారం కనిపిస్తుంది. ఎవరో రాకుమారుడు వచ్చి లేపుతాడని ఇంకెన్నాళ్లు పడుకుంటాం అన్నట్టు.

వాళ్లు చేసిన తెలివైన పని, తమ ఇంటి గొడవను వీధిలోకి తేవడం. లిక్టెన్‌స్టైన్ 1978లో ఐరోపా మండలిలో సభ్యురాలైంది. మానవ హక్కుల కోసం పెట్టిన సంస్థ అది. 1983లో ఈ బృందంలో కొందరు స్ట్రాస్‌బర్గ్‌లోని ఆ మండలి దగ్గరికే వెళ్లి, మా దేశంలో మాకు ఓటు లేదు అని చెప్పారు. దేశం పరువు తీశారని స్వదేశంలో తిట్లు తిన్నారు. మన గొడవ బయట చెప్పుకుంటే పరువు పోతుంది, గొడవకు కారణమైన అన్యాయంతో మాత్రం పరువు పోదు! ఈ మాటలు మనకెంత బాగా తెలుసో. డర్బన్‌లో 2001లో జాతివివక్ష మీద ప్రపంచ సదస్సు జరిగినప్పుడు కులం గురించి అక్కడ మాట్లాడాలన్న దళితులకు వినిపించినవీ ఇవే మాటలు.

చివరికి 1984లో, జూన్ 29 నుంచి జూలై 1 దాకా, మూడోసారి మగవాళ్ల ముందు అదే ప్రశ్న పెట్టారు. ఔనన్నవాళ్లు 2,370. కాదన్నవాళ్లు 2,251.

119 ఓట్లు. అరవై మంది మగవాళ్లు ఆ రోజు మనసు మార్చుకుని ఉంటే ఆ దేశపు ఆడవాళ్లు ఇంకెన్నేళ్లు ఆగాల్సి వచ్చేదో.

ఊరు ఇంకా ఒప్పుకోలేదు

కథ అక్కడితో అయిపోలేదు. ఊరి పాలనలో ఓటు వేరే సంగతి. 1976లో వచ్చిన సవరణతో ఏ ఊరికి ఆ ఊరు తన ఆడవాళ్లకు ఓటు ఇచ్చుకోవచ్చన్నారు. వాడుజ్ మొదట ఇచ్చింది. ఒక్కొక్క ఊరూ నెమ్మదిగా కదిలింది. చివరికి మిగిలినవి ట్రీజెన్, బాల్జర్స్, షెల్లెన్‌బర్గ్. దేశ పార్లమెంటుకు ఓటు వచ్చాక కూడా ఈ మూడు ఊళ్ల ఆడవాళ్లు 1986 దాకా తమ ఊరి విషయంలో ఓటు లేకుండానే ఉన్నారు. దేశం ఒప్పుకుంది గానీ ఊరు ఒప్పుకోలేదు.

1986 ఫిబ్రవరిలో ఆడవాళ్లు ఓటేసిన మొదటి పార్లమెంటు ఎన్నిక జరిగింది. 15 మందిలో ఒకే ఒక్క మహిళ గెలిచింది. పేరు ఎమ్మా ఐగెన్‌మన్. 1992లో స్త్రీ పురుషులు సమానమని రాజ్యాంగంలో స్పష్టంగా రాసుకున్నారు.

ఇప్పుడు పార్లమెంటులో 25 సీట్లు. ఎగువ ప్రాంతం ఓబర్‌లాండ్‌కు 15, దిగువ ప్రాంతం ఉంటర్‌లాండ్‌కు 10. ఎన్ని సీట్లుంటే ఓటరుకు అన్ని ఓట్లు. పార్టీ ఇచ్చిన జాబితాలో నచ్చని పేరు కొట్టేసి, వేరే పార్టీ మనిషి పేరు రాసుకోవచ్చు. దాదాపు అందరూ పోస్టులోనే ఓటు పంపుతారు. 8 శాతం ఓట్లు రాని పార్టీకి సీటు లేదు. 1985లో పుట్టిన స్వేచ్ఛా జాబితా అనే పార్టీ ఆ గీత దాటలేక రెండు ఎన్నికలు బయటే ఉండి 1993లో లోపలికి వచ్చింది. 2021లో రెండు పెద్ద పార్టీలకూ చెరి పది సీట్లు వచ్చాయి. మొత్తం ఓట్లలో వాటి మధ్య తేడా 42. మా పిల్లవాడు మురిసిపోయేంత అందమైన పద్ధతి. నేనూ కాదనను.

కానీ 2017లో గెలిచిన 25 మందిలో మహిళలు ముగ్గురే. ఎన్నికయ్యే పదవుల్లో స్త్రీ పురుషులకు సమతూకం ఉండేలా ప్రోత్సహించాలని రాజ్యాంగంలో ఒక వాక్యం చేర్చుదామని 2020లో రిఫరెండం పెడితే 78.8 శాతం వద్దన్నారు. ఈసారి వద్దన్నవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. 2012లో రాజుగారి వీటో అధికారానికి కోత పెడదామంటే 76 శాతం అదీ వద్దన్నారు. సింహాసనానికి ఇప్పటికీ మగ వారసులే. అయినా కాలం ఆగదు. 2025 ఏప్రిల్‌లో బ్రిగిట్టె హాస్ ఆ దేశానికి మొదటి మహిళా ప్రధాని అయ్యారు.

గేటు బయట ఇంకొకళ్లున్నారు. అక్కడ నివసించేవాళ్లలో మూడో వంతు మంది ఆ దేశపు పౌరులు కారు. వాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. పౌరసత్వం కావాలంటే ఒక దారి, ముప్పై ఏళ్లు అక్కడ నివసించడం. ఇరవై ఏళ్ల లోపు గడిపిన ఏళ్లను రెట్టింపు లెక్కేస్తారు. ఇంకా ముందు కావాలంటే ఆ ఊరి పౌరులు ఓటేసి ఒప్పుకోవాలి. నువ్వు మాలో మనిషివేనా అని నీ పక్కింటివాళ్లు బ్యాలెట్ పేపర్ మీద తేలుస్తారు.

మనల్ని ఎవరూ అడగలేదు, అదే మంచిదైంది

ఇప్పుడు మనదగ్గరికి వద్దాం. 1935 చట్టం కింద మన దేశంలో ఓటు ఆస్తిని బట్టి, కట్టే పన్నును బట్టి, చదువును బట్టి ఉండేది. వెలివాడల్లో ఎంతమందికి ఆస్తి ఉంది, ఎంతమందికి చదువు ఉంది? రాజ్యాంగ సభ కూడా ఆ పరిమిత ఓటుతో ఎన్నికైన శాసనసభల నుంచి వచ్చిందే. ఒక్కసారి ఊహించండి. 1949లో మనవాళ్లు లిక్టెన్‌స్టైన్ పద్ధతి పట్టుకుని, అప్పటికే ఓటున్న భూస్వాముల్ని, వ్యాపారుల్ని, చదువుకున్న పెద్దమనుషుల్ని వరసలో నిలబెట్టి "మీ పాలేరుకు ఓటు ఉండాలా? మీ ఇంట్లో పాచిపని చేసే ఆమెకు ఓటు ఉండాలా? ఔను, కాదు మీద ముద్ర వేయండి" అని అడిగి ఉంటే? మన తాతలకు, అమ్మమ్మలకు ఎన్ని ఓట్ల తేడాతో ఓటు వచ్చేది? అసలు వచ్చేదా?

అలా అడగలేదు. 326వ అధికరణం వయసొచ్చిన ప్రతి మనిషికీ ఒకే రోజున ఓటు రాసిచ్చింది. బాబాసాహెబ్ 1928లో సైమన్ కమిషన్ ముందే వయోజన ఓటు హక్కు అడిగారు. 1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని సభ ముందు పెడుతూ, రాజ్యాంగానికి ఊరు కాదు, వ్యక్తి ప్రమాణం కావడం తనకు సంతోషమని చెప్పారు. పల్లె స్వరాజ్యాన్ని పొగిడేవాళ్లకు ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు. ట్రీజెన్, బాల్జర్స్, షెల్లెన్‌బర్గ్ కథ చదివాక నాకు ఆ మాట ఇంకా బాగా అర్థమైంది. అక్కడ కులం లేదు, అంటరానితనం లేదు, ఆకలీ లేదు. అయినా ఊరికి వదిలేస్తే ఊరు తన ఆడవాళ్లను చివరిదాకా బయటే నిలబెట్టింది. కులం ఉన్న ఊరికి వదిలేస్తే మన గతేమిటి?

ఇది చదివి "చూశారా, ఐరోపా కంటే మనమే నయం" అని గుండెలు చరుచుకోకండి. 2024లో లోక్‌సభకు 543 మందిలో గెలిచిన మహిళలు 74 మంది. మహిళా రిజర్వేషన్ చట్టం 2023లో చేసి, జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. కాగితం మీద ఓటు రావడం వేరు, సభలో కుర్చీ రావడం వేరు. మొదటిదానిలో మనం ముందున్నాం. రెండోదానిలో ఆ చిన్న దేశంతో పాటే ఈడుస్తున్నాం.

నేను రిఫరెండానికి శత్రువును కాను. రోడ్డు వేయాలా, చెరువు తవ్వాలా, పన్ను పెంచాలా అని జనాన్ని నేరుగా అడగండి, మంచిదే. కానీ ఒక మనిషి మనిషిలెక్కలో ఉందా లేదా అన్నది ఓటుకు పెట్టే ప్రశ్న కాదు. ఎందుకంటే ఆ ఓటు వేసేది అప్పటికే లెక్కలో ఉన్నవాళ్లు. లిక్టెన్‌స్టైన్ ఆడవాళ్లు ఓడిపోయిన రెండు రిఫరెండాల్లోనూ మెజారిటీ నిజమే, లెక్కింపూ నిజాయితీగానే జరిగింది. అయినా అది అన్యాయమే.

సోమవారం క్లాసులో ఆ పిల్లవాణ్ని ముందు మెచ్చుకుంటాను, ప్రశ్న అడిగినందుకు. తర్వాత ఒక్కటే అడుగుతాను. "బాబూ, నువ్వు చెప్పిన ఆ ఫోన్ ఓటింగ్ మొదలయ్యే రోజున, ఓటర్ల జాబితా ఎవరు రాస్తారు?"

వచ్చే భాగంలో మన మొదటి సార్వత్రిక ఎన్నికల గురించి. ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని తప్ప సొంత పేరు చెప్పనందుకు ఓటర్ల జాబితాలోంచి పోయిన సుమారు 28 లక్షలమంది ఆడవాళ్ల కథ. మీ ఇంట్లో పెద్దవాళ్లు తమ మొదటి ఓటు గురించి చెప్పిన జ్ఞాపకాలుంటే కింద రాయండి. అవి ఏ గెజిట్‌లోనూ దొరకవు.

జై భీమ్.